పెట్రోలు మీద పన్ను: పెంచాలా, ఇక చాలా?

2025 ఏప్రిల్ 8న కేంద్రం పెట్రోలు మీదా డీజిలు మీదా ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు రెండేసి రూపాయలు పెంచింది. ఆ పొద్దున బంకుకు వెళ్లినవాళ్లకు తేడా ఏమీ తెలియలేదు. బోర్డు మీద నిన్నటి అంకెలే ఉన్నాయి. అంతర్జాతీయ మార్కెట్‌లో ముడిచమురు దిగుతోంది కాబట్టి వాహనదారుడి చేతికి రావలసిన తగ్గింపు నేరుగా ఖజానాకు మళ్లింది. రెండు రోజులు టీవీల్లో మాటలు నడిచాయి, తరవాత అంతా సద్దుమణిగింది.

మన దేశంలో పెట్రోలు పన్ను పెరిగేది ఎక్కువగా ఇలాగే. చర్చ మాత్రం ధర వంద దాటినప్పుడు లేస్తుంది. అప్పటికే జనం కోపంగా ఉంటారు, పార్టీలు వేళ్లు చూపించుకుంటూ ఉంటాయి. ప్రభుత్వ ఆదాయం, పొగ, పేదవాడి జేబు, రాష్ట్రాల వాటా అనే నాలుగు వేరువేరు ప్రశ్నలు ఒకే ముడిలో పడిపోతాయి. ఆ ముడి విప్పే ముందు ఒక లీటరు లెక్క చూడాలి.

లీటరు లెక్క

2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల 41 పైసలకు వచ్చింది. 2025 ఏప్రిల్ పెంపు తరవాత కేంద్ర సుంకం అందులో 21 రూపాయల 90 పైసలు. తెలంగాణ వ్యాట్ 35.20 శాతం. ఆ శాతం చమురు ధర మీద ఒక్కదాని మీదే పడదు, కేంద్ర సుంకం కలిపిన మొత్తం మీద పడుతుంది. లెక్క వేస్తే వ్యాట్ 28 రూపాయలకు కాస్త అటూ ఇటూ తేలుతుంది. అంటే 107 రూపాయల్లో 50 దాకా పన్నే. చమురు, శుద్ధి, రవాణా, డీలర్ కమీషన్ అన్నీ కలిపి మిగతా 57. అసలు సరుకు విలువతో పోలిస్తే పన్ను 87 శాతం దాకా వస్తుంది. కేంద్ర సుంకం మీద వ్యాట్ రూపంలో పడే ‘పన్ను మీద పన్ను’ ఒక్కటే ఏడు రూపాయల పైన ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌ది మిశ్రమ పద్ధతి. 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్ల అభివృద్ధి సెస్సు పేరిట ఇంకో రూపాయి. 2018 సెప్టెంబరులో ఆ 4 రూపాయలను 2కు తగ్గించారు. 2020లో మళ్లీ 4 చేశారు, అదే ఏడాది రోడ్డు సెస్సు కూడా వచ్చి చేరింది. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఈ సొమ్ము మీద ఆధారపడటం మాత్రం మారలేదు.

డీజిలుది వేరే లెక్క. తెలంగాణలో దాని వ్యాట్ 27 శాతం, కేంద్ర సుంకం 17 రూపాయల 80 పైసలు. రెండూ కలిపితే లీటరుకు 38 రూపాయల చిల్లర. స్కూటర్ మీద వెళ్లే మనిషి లీటరుకు 50 కడుతుంటే, అదే బంకులో పక్క పంపు దగ్గర ఆగిన పెద్ద డీజిలు కారు లీటరుకు 38 కడుతోంది. పెంచాలా తగ్గించాలా అన్న రచ్చలో ఈ సంగతి తరచుగా మరుగున పడుతుంది.

అణాల కాలం నుంచి

మోటారు వాహనాలు పెరిగాక రోడ్లు పాడవుతున్నాయనీ, బాగుచేసే డబ్బు వాటి నుంచే రావాలనీ ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన పనిచేసిన రోడ్ల కమిటీ తేల్చింది. 1929 మార్చిలో గ్యాలను పెట్రోలు మీద సుంకాన్ని 4 అణాల నుంచి 6 అణాలకు పెంచి, పెరిగిన ఆ రెండణాలను రోడ్ల నిధికి మళ్లించారు. వాడేవాడే కట్టాలన్న సూత్రం మన దగ్గర అలా మొదలైంది.

పదేళ్లు తిరక్కుండానే కేంద్రానికీ రాష్ట్రానికీ తగువు వచ్చింది. 1938లో సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ ప్రభుత్వం పెట్రోలు చిల్లర అమ్మకం మీద 5 శాతం పన్ను వేసింది. ఇది ఎక్సైజ్ సుంకమే, మా సొత్తు అని ఢిల్లీ అభ్యంతరపెట్టింది. అప్పుడే పుట్టిన ఫెడరల్ కోర్టుకు సలహా కోసం వచ్చిన మొదటి ప్రస్తావన ఇదే. తయారీ మీద పడేది ఎక్సైజ్, అమ్మకం మీద పడేది ప్రావిన్సు పన్ను అని చెప్పి కోర్టు ప్రావిన్సు పక్షాన నిలిచింది. బంకు రసీదులో ఈనాటికీ ఇద్దరి పన్ను ఉండటానికి మూలం అక్కడే ఉంది.

స్వాతంత్ర్యం తరవాత చాలాకాలం ధరను ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ పాలిత ధరల విధానం 2002 ఏప్రిల్‌లో కాగితం మీద ముగిసింది. ఆచరణలో నియంత్రణ కొనసాగింది. చమురు కంపెనీలు నష్టానికి అమ్మడం, ఆ లోటును పూడ్చడానికి ప్రభుత్వం నగదుకు బదులు ఆయిల్ బాండ్లు ఇవ్వడం ఆ దశాబ్దపు కథ. 2010 జూన్‌లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిలు ధరను మార్కెట్‌కు వదిలేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ సవరణ వచ్చింది. రోజూ పైసల్లో మారవలసిన ధర ఎన్నికల ముందు వారాల తరబడి కదలకుండా ఉండటం తరవాత చాలాసార్లు చూశాం.

అసలు మలుపు 2014లో వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో బ్యారెల్ 109 డాలర్ల దగ్గర ఉన్న మన ముడిచమురు సగటు ధర 2016 జనవరి నాటికి 28 డాలర్లకు పడింది. ఆ పతనం నడుస్తుండగా, 2014 నవంబరు నుంచి 2016 జనవరి లోపు కేంద్రం తొమ్మిదిసార్లు సుంకం పెంచింది. పెట్రోలు మీద మొత్తం 11 రూపాయల 77 పైసలు, డీజిలు మీద 13 రూపాయల 47 పైసలు. 2020లో కరోనా తాళాలు పడి బ్యారెల్ 20 డాలర్లకు దిగినప్పుడు ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. మార్చిలో 3 రూపాయలు, మే నెలలో ఒక్క దెబ్బకు పెట్రోలు మీద 10, డీజిలు మీద 13. కేంద్ర సుంకం పెట్రోలు మీద 32 రూపాయల 98 పైసలకు చేరింది. 2014-15లో పెట్రో ఎక్సైజ్ ద్వారా కేంద్రానికి వచ్చింది సుమారు 99 వేల కోట్లు. 2020-21లో అది 3 లక్షల 73 వేల కోట్ల దాకా వెళ్లింది, అదీ దేశం నెలల తరబడి ఇంట్లో కూర్చున్న ఏడాదిలో.

చమురు మళ్లీ ఎక్కాక 2021 నవంబరులో 5, 2022 మే నెలలో 8 రూపాయలు పెట్రోలు సుంకం తగ్గించారు. 2021 ఫిబ్రవరిలో 32 రూపాయల 90 పైసలున్న సుంకం అలా 19 రూపాయల 90 పైసలకు దిగింది. 2014 ఏప్రిల్‌లో అది 9 రూపాయల 48 పైసలు.

పెంచమనేవారి వాదం

ఈ వర్గానికి మూలపురుషుడు ఆర్థర్ పిగూ. ఒకడి పని వల్ల ఊరందరికీ నష్టం కలిగితే ఆ నష్టాన్ని పన్ను రూపంలో వాడి చేతనే కట్టించాలని 1920లో వచ్చిన తన సంక్షేమ అర్థశాస్త్ర గ్రంథంలో ఆయన వాదించాడు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. దాంతోపాటు పొగ, రద్దీ, ప్రమాదాలు. 2014-15 ఆర్థిక సర్వేలో అరవింద్ సుబ్రమణియన్ బృందం ఎక్సైజ్ పెంపులను ఈ కోణంలోనే సమర్థించింది. చమురుకు రాయితీ ఇచ్చే దేశం కర్బనానికి పన్ను వేసే దేశంగా మారుతోందని మెచ్చుకుంది.

పన్ను పెంచితే వాడకం నిజంగా తగ్గుతుందా? గుడ్విన్, డార్గే, హ్యాన్లీ 2004లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. ధర 10 శాతం పెరిగితే ఏడాదిలో వాడకం రెండున్నర శాతం, దీర్ఘకాలంలో 6 శాతం తగ్గుతుందని తేల్చారు. వెంటనే పెద్దగా ఏమీ జరగదు. అయిదారేళ్లలో మనుషులు చిన్న బండి కొంటారు, ఆఫీసుకు దగ్గరగా ఇల్లు తీసుకుంటారు, బస్సు ఎక్కుతారు. ఇది ఎక్కువగా ధనిక దేశాల అనుభవం. బస్సే రాని ఊళ్లో మారడానికి దారి ఏముంటుందన్న ప్రశ్న అలాగే ఉంది.

ఎంత పన్ను సరైనదన్న దానికి ఎక్కువమంది చెప్పుకునే లెక్క ఇయాన్ ప్యారీ, కెన్నెత్ స్మాల్ 2005లో వేసింది. అమెరికా పన్ను ఉండవలసిన దానికన్నా సగం కూడా లేదని, బ్రిటన్ పన్ను ఉండవలసిన దానికి రెట్టింపు ఉందని వాళ్లు చూపించారు. నష్టాల్లో పెద్దవి రద్దీ లాంటివేనని, వాతావరణ నష్టం వాటా చిన్నదని కూడా చెప్పారు. ఈ రెండో మాటను పెంపు కోరేవాళ్లు అంతగా ప్రస్తావించరు. అమెరికా ఫెడరల్ పన్ను 1993 నుంచి గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. అక్కడ పెంచమనడానికి బలమైన కారణాలున్నాయి. అదే వాదాన్ని ఎత్తి తెచ్చి హైదరాబాద్ బంకులో పెడితే నిలవదు. మన 50 రూపాయలను 2.3 కిలోలతో భాగిస్తే టన్ను కర్బన ఉద్గారానికి 20 వేల రూపాయలకు పైనే పన్ను. యూరప్ కర్బన మార్కెట్ 2023లో మొదటిసారి టన్నుకు 100 యూరోలు దాటినప్పుడు అక్కడ అది పెద్ద వార్త. మన రూపాయల్లో అది తొమ్మిది వేల దరిదాపు. రోడ్లు, రద్దీ, ప్రమాదాల ఖర్చు కూడా ఈ 50లోంచే రావాలని ఒప్పుకున్నా, వాతావరణం పేరు చెప్పి పెట్రోలు మీద ఇంకా వేయమనడానికి ఆధారం పలచనే.

వద్దనేవారి వాదం

ఇందులో రెండు పాయలున్నాయి. మొదటిది ధరల గొలుసు. మదనపల్లె టమాటా హైదరాబాద్ చేరాలంటే లారీ కావాలి, లారీకి డీజిలు కావాలి. డీజిలు పెరిగితే కిరాయి పెరుగుతుంది, కిరాయి పెరిగితే కూర ధర పెరుగుతుంది. పెట్రోలుకన్నా డీజిలు విషయంలో ఈ మాటకు బలం ఎక్కువ. 2022 మార్చిలో టోకు డీజిలు ధర లీటరుకు 25 రూపాయలు పెరిగినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ తమ డిపోల్లోని పంపులు వదిలేసి బస్సులను మామూలు బంకులకు పంపాయి. తరవాతి నెల నుంచి తెలంగాణ ఆర్టీసీ టికెట్ మీద డీజిలు సెస్సు కూడా వేసింది. చివరికి కట్టింది ప్రయాణికుడే.

రెండో పాయ రాజకీయమైనది. ఫ్రాన్స్‌లో 2018 నవంబరులో ఇంధన పన్ను పెంపును వ్యతిరేకిస్తూ పసుపు చొక్కాలవాళ్లు రోడ్ల మీదికి వచ్చారు. మరుసటి జనవరిలో రావలసిన పెంపును ప్రభుత్వం డిసెంబరులోనే వెనక్కు తీసుకుంది. బ్రిటన్‌లో 2000 సెప్టెంబరులో లారీ డ్రైవర్లూ రైతులూ చమురు డిపోలను ముట్టడించారు. అక్కడ 2011 నుంచి ఇంధన సుంకం పెరగనే లేదు, 2022లో 5 పెన్నీలు తగ్గింది. ఊరికి దూరంగా ఉండి, బండి తప్ప దిక్కులేనివాడి మీద నగరంలో కూర్చున్నవాళ్లు పన్ను వేశారన్న భావన రెండు చోట్లా కనిపించింది.

పేదవాడి వాటా ఎంత?

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న ఇది. అశోకాంకుర్ దత్తా 2010లో అచ్చువేసిన అధ్యయనం భారతదేశంలో ఇంధన పన్ను భారం మొత్తం మీద పేదలకన్నా ఉన్నవాళ్ల మీదే ఎక్కువని, కిరోసిన్ ఒక్కటే దీనికి మినహాయింపని చూపింది. థామస్ స్టెర్నర్ సంపాదకత్వంలో 2012లో వచ్చిన దేశదేశాల సంకలనం కూడా పేద దేశాల విషయంలో ఇంచుమించు ఇదే చెప్పింది. కారణం ఊహించదగినదే. కడు పేదలకు బండే ఉండదు.

కానీ ఆ తరవాత బండి ఉన్నవాడి ముఖం మారింది. అన్నం పొట్లాలూ సరుకులూ మోసే కుర్రాడు రోజుకు రెండు లీటర్లు కొట్టిస్తాడనుకుందాం. లీటరుకు 50 చొప్పున రోజుకు వంద రూపాయల పన్ను. నెలకు 26 రోజులు పనిచేస్తే 2,600. ఈ కుర్రాడు ఆదాయపు పన్ను పరిధిలోకే రాడు. పెట్రోలు అతనికి విలాసం కాదు, ముడిసరుకు. వ్యాపారి తన ముడిసరుకు మీద కట్టిన జీఎస్టీని వెనక్కు రాబట్టుకుంటాడు. ఇతనికి ఆ వీలు లేదు. వినియోగ సర్వేల్లోని సగటు కుటుంబాల లెక్కలో ఇలాంటి మనిషి కనపడకుండా పోతాడు. దత్తా లెక్కను ఇప్పటి గణాంకాలతో మళ్లీ వేసి చూడకుండా, పెట్రోలు పన్ను ఉన్నవాడి పన్ను అని కొట్టిపారేయడం తొందరపాటు.

ఢిల్లీ, హైదరాబాద్, అమరావతి

2021 ఫిబ్రవరిలో లీటరు పెట్రోలు మీద కేంద్రం తీసుకున్న 32 రూపాయల 90 పైసలు ఇలా ఉండేవి: ప్రాథమిక ఎక్సైజ్ 1 రూపాయి 40 పైసలు, ప్రత్యేక అదనపు సుంకం 11 రూపాయలు, రోడ్లు–మౌలిక వసతుల సెస్సు 18, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు రెండున్నర. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులూ సర్‌చార్జీలూ రాష్ట్రాలతో పంచుకోనక్కరలేదు. పంపకానికి వచ్చేది ఆ రూపాయి నలభై పైసలే. పదిహేనో ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం లెక్కన అన్ని రాష్ట్రాలకూ కలిపి 57 పైసలు.

ఈ అంకె తెలిస్తే 2022 ఏప్రిల్ 27 నాటి వాగ్వాదం అర్థమవుతుంది. కేంద్రం తగ్గించినా వ్యాట్ తగ్గించని రాష్ట్రాల పేర్లు ప్రధాని మోదీ ముఖ్యమంత్రుల సమావేశంలో చదివారు. అందులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. 2015 తరవాత మేము వ్యాట్ రేటు పెంచనే లేదు, సెస్సులు పెంచింది మీరు, తగ్గించవలసిందీ మీరే అన్నది తెలంగాణలో అప్పటి కేసీఆర్ ప్రభుత్వ వాదన. ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. రేటు పెంచకపోయినా శాతం పన్ను కాబట్టి, చమురు ధరా కేంద్ర సుంకమూ పెరిగినప్పుడల్లా రాష్ట్రానికి దానంతట అదే రాబడి పెరిగింది. ఆ పెరిగిన రాబడిని ఏ రాష్ట్రమూ పంచిపెట్టలేదు. ఆయిల్ బాండ్ల భారం మోస్తున్నామన్న కేంద్రం సాకు అంతకన్నా బలహీనం. ఆ బాండ్ల మీద ఏటా కట్టిన వడ్డీ పది వేల కోట్ల చుట్టూ ఉండేది, సుంకం రాబడి మూడున్నర లక్షల కోట్లు దాటింది.

జీఎస్టీలోకి తెస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. 101వ రాజ్యాంగ సవరణ పెట్రోలును జీఎస్టీ గడప దగ్గరే నిలబెట్టింది, లోపలికి ఎప్పుడు రావాలో మండలి చెప్పాలి. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన 45వ సమావేశం ఇప్పుడు సమయం కాదని తేల్చేసింది. ఎందుకో లెక్క చెబుతుంది. ఇప్పుడున్న 57 రూపాయల సరుకు మీద అత్యధికమైన 40 శాతం రేటు వేసినా పన్ను 23 రూపాయలు. అందులో సగం రాష్ట్రానిది, అంటే పదకొండున్నర. ఇప్పుడు తెలంగాణకు వస్తున్నది 28. ఏ పార్టీ ఆర్థికమంత్రీ ఆ కాగితం మీద సంతకం పెట్టడు.

యానాం దగ్గర

పన్ను తేడా ఎలా పనిచేస్తుందో చూడాలంటే కాకినాడ నుంచి 216వ జాతీయ రహదారి పట్టుకుని యానాం వెళ్లాలి. గోదావరి పాయ పక్కన పుదుచ్చేరికి చెందిన చిన్న పట్టణం. చుట్టూ ఆంధ్ర. అక్కడ పెట్రోలు వ్యాట్ 2025 జనవరిలో పెరిగాక కూడా 18 శాతానికి లోపే. హద్దు ఇవతలి బంకుతో పోలిస్తే పెట్రోలుకైనా డీజిలుకైనా లీటరుకు పది రూపాయలకు పైనే తేడా. కాకినాడ నుంచి స్కూటర్ మీద పనిగట్టుకుని వెళితే రానుపోను ఖర్చే మిగులును మింగేస్తుంది. ఎలాగూ ఆ దారిన పోయే లారీ 300 లీటర్ల ట్యాంకు నింపుకుంటే మూడు వేలకు పైగా ఆదా. హద్దుకు ఇవతల బంకు పెట్టుకున్నవాడి గిరాకీ అలా ఆ పట్టణానికి పోతుంది, ఆంధ్ర ఖజానాకు రావలసిన వ్యాట్టూ పోతుంది. కర్ణాటక హద్దున చిత్తూరు, అనంతపురం డీలర్ల గోడూ ఇదే. రాష్ట్రం ఒంటరిగా పన్ను పెంచుకుంటూ పోవడానికి భూగోళమే ఒక హద్దు గీసింది.

తేలనివి

మొదటిది రద్దీ. సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ కూడలిలో ఆగిన కారూ, కోనసీమ గట్టు మీద ఒంటరిగా పోయే మోపెడూ లీటరుకు ఒకే పన్ను కడుతున్నాయి. రద్దీ నష్టాన్ని లీటరుతో కొలవలేం. రెండోది విద్యుత్ వాహనాలు. తెలంగాణ 2024 నవంబరు నుంచి వాటికి రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ రుసుమూ ఎత్తేసింది. అవి పెరిగేకొద్దీ పెట్రోలు మీద వచ్చేది కరుగుతుంది. మిగిలిన పాత బండ్లవాళ్ల మీద, అంటే కొత్తది కొనలేనివాళ్ల మీద భారం బిగుస్తుంది. 1919లో అమెరికాలో మొట్టమొదట పెట్రోలు పన్ను వేసిన ఆరెగాన్ రాష్ట్రమే 2015లో మైలుకు ఇంత అని వసూలు చేసే పథకం మొదలుపెట్టింది. న్యూజిలాండ్ 2024 ఏప్రిల్ నుంచి విద్యుత్ కార్లకు కిలోమీటరు లెక్కన రుసుము వేస్తోంది. మన ప్రభుత్వాలు ఈ సంగతి ఇంకా గట్టిగా ఎత్తుకోలేదు.

ఇంత సామగ్రి ముందు పెట్టుకుని చూస్తే ఒక మాట చెప్పవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో పెట్రోలు పన్ను పెంచడానికి చోటు మిగల్లేదు. తగ్గిస్తామన్న మాట కూడా నమ్మదగినది కాదు, రాష్ట్రాల బడ్జెట్లు దాని మీద నిలబడి ఉన్నాయి. సరిదిద్దవలసింది పన్ను ఆకారం. 2006లోనే రంగరాజన్ కమిటీ ఎక్సైజ్‌ను శాతాల్లో కాకుండా లీటరుకు ఇంత అని స్థిరంగా వేయమంది. కేంద్రం ఆ దారికి వచ్చింది, తెలంగాణ రాలేదు, ఆంధ్ర సగమే వచ్చింది. డీజిలు కార్లకు దొరుకుతున్న పన్నెండు రూపాయల వెసులుబాటు లారీకీ బస్సుకూ ఉంచి కారుకు తీసేయాలి. 2010లో కిరీట్ పారిఖ్ కమిటీ డీజిలు కార్ల మీద విడిగా 80 వేల రూపాయల సుంకం వేయమన్నది ఇందుకే. సెస్సుల్లో కొంతైనా ప్రాథమిక సుంకంలో కలిపితే ఢిల్లీ–రాష్ట్రాల తగువు సగం చల్లారుతుంది.

ఇవేవీ ధర మండుతున్నప్పుడు జరిగేవి కావు. ముడిచమురు పడిపోయిందని ఈసారి పేపర్లో చదివినప్పుడు, బంకు బోర్డు ఒక్కటే చూసి ఊరుకోకండి, ఆ వారం ఆర్థికశాఖ ఇచ్చే నోటిఫికేషన్ కూడా చదవండి.